రాయి ఒక్కరోజు వేస్తాం, మిగతా దినాల సంగతేంది?

మా ఊరి వాట్సాప్ గ్రూపులో ‘సీమకు అన్యాయం, షేర్ చేయండి’ అని వారానికి రెండు మెసేజీలన్నా వస్తాయి. షేర్ కొట్టి పడుకుంటాం. తెల్లారి లేస్తే గుంటూరు దిక్కు మిరప కోతలకు, సుగ్గికి పోయే బండి ఎదురుగా నిలబడి ఉంటాది. కోసిగి, మంత్రాలయం దిక్కునోళ్లకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

కోపం మనకు తక్కువేం కాదప్పా. అది బలం ఎట్లయితాదనేదే నా ప్రశ్న.

2016 మే 31 సంగతి చిన్న పిలగాళ్లకు తెలియకపోవచ్చు. కృష్ణా నది మీద సిద్ధేశ్వరం కాడ అలుగు కట్టమని అడిగి అడిగి, సర్కారు కదలకపోతే, మేమే పునాదిరాయి వేస్తామని రైతులు బయలుదేరినారు. పిలుపిచ్చింది బొజ్జా దశరథరామిరెడ్డి నడిపే రాయలసీమ సాగునీటి సాధన సమితి. పోలీసులు అడ్డం పడినా వేల మంది కదిలినారు.

నాకు ఆ రాయి కంటే దాని వెనకాల ఉండే లెక్క గొప్పగా కనపడతాది. అంతకుముందు మా పెద్దోళ్లు ‘నీళ్లు లేవు’ అనేటోళ్లు, అంతే. ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లోడు కూడా 854 అంటాడు. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. 854 కన్నా కిందికి దిగితే పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగ్గా ఎక్కవు. కరెంటు కోసమని కిందికి వదిలేస్తే మన కాలవ ఎండుతాది. పైన అలుగుంటే కొన్ని నీళ్లన్నా నిలబడతాయి. 308 టీఎంసీలు పట్టే డ్యాం పూడికతో 215కు పడిపోయిందనేది ఇంకో లెక్క. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో నీళ్లు ముందు మనకే అని రాసుకున్నారు గానీ, ఆ కాగితాన్ని ఎవురూ లెక్కచేయలేదు. లెక్క తెలిసినోడిని అట్లా తోసేయలేరు. 2022లో అదే చోట వెయ్యి కోట్లకు పైగా ఖర్చుతో కేంద్రం తీగల వంతెన ఒప్పుకుంటే, ఉత్త వంతెన కాదు, బ్యారేజీ కూడా కట్టమని సీమ నుంచి వెంటనే జవాబు పోయింది.

అలుగు మాత్రం లేవలేదు. ఏటా మే 31 వస్తాది, సభ పెడతారు, పోతారు. సుగ్గికి పోయే భూమిలేని కూలోళ్లు, ఆడోళ్లు ఆ సభల్లో శానా తక్కువ. నీళ్లొస్తే ఊర్లో పని దొరికేది వాళ్లకే కదా!

ఆడోళ్ల సంఘం యాడుందంటే మా ఇంట్లోనే ఉండాది. 1990ల నడుమ మన ఓర్వకల్లు దిక్కు పొదుపు సంఘాలు మొదలైనప్పుడు రోజుకు రూపాయి దాచుకునేటోళ్లు. తర్వాత ఆ మండల ఐక్యసంఘమే సొంతంగా బాలభారతి బడి నడిపింది. వాళ్ల బలం ఉపన్యాసాల్లో లేదు. వరసగా కూసోని, పుస్తకం తెరిచి, ఎవురు కట్టినారు ఎవురు కట్టలేదు అని మొహమ్మీదే అడగడంలో ఉంది. ఇప్పుడా సంఘాలను మీటింగులకు జనాన్ని తోలడానికి వాడుకుంటాండారనేది వేరే బాధ.

సమితి కాడ లెక్కుంది, సంఘం కాడ ఆ కూసునే అలవాటుంది. రెండూ ఒక చాప మీదికి రావాల.

పోయిన నెల మాయమ్మోళ్ల సంఘానికి పోయి, పుస్తకం మూసేలోపల శ్రీశైలం మట్టం ఎంతుందో చదివి వినిపిస్తానన్నా. ‘ముందు కిస్తీలు తేలనీ నాయనా’ అనింది లీడరక్క. తేలినంక, ‘ఏదీ, చదువు’ అనింది.