కఠోర సంగీతము - శ్రోతల అభిరుచి

జర్మనీ దేశములో హాల్బర్‌ష్టాట్ అను చిన్న పట్టణము కలదు. 2024 ఫిబ్రవరి 5వ తేదీన అచ్చటి ప్రాచీనమైన సెయింట్ బుర్ఖార్డి చర్చిలో సంగీతప్రియులు గుమిగూడిరి. వారు వచ్చినది కచేరీ వినుటకు కాదు. రెండేండ్లుగా ఎడతెగక మ్రోగుచున్న ఒక స్వరసముదాయము మరియొక స్వరసముదాయముగా మారు క్షణమును వినుటకు. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1987లో ఆర్గను వాద్యమునకు ఒక కృతి రచించి, దానిని సాధ్యమైనంత నెమ్మదిగా వాయింపవలెనని విధించెను. ఎంత నెమ్మదిగా అను ప్రశ్నకు ఆ పట్టణమువారు చెప్పిన సమాధానము 639 సంవత్సరములు! 2001లో ఆరంభమైన వాదనము 2640లో ముగియవలెను. కృతి మౌనముతో మొదలగుటచే తొలి నాదము 2003లో గాని వినబడలేదు.

ఆ 1987లోనే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమునకు చెందిన నపాం డెత్ అను బృందము ఒక రికార్డు వెలువరించెను. అందులోని ఒక పాట నిడివి ఒక సెకనుకు కొంచెము ఎక్కువ. గిటార్ల హోరు, డ్రమ్ముల తాకిడి, గొంతు చించుకొను కేక, అంతటితో సరి.

ఒకటి ఆరు శతాబ్దములకు పైబడినది, ఒకటి రెప్పపాటుది. ఇవి పిచ్చిచేష్టలని నవ్వి ఊరకుండుట సులభమే. కాని ఇట్టి సంగీతమునకు నేడు అనేక దేశములలో శ్రోతలున్నారు. చేతిలోని ఫోనులోనే లభించుచుండుటచే మన ఊళ్ల విద్యార్థులకును ఇది దూరము కాదు. పిల్లవాడు హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఇట్టి రొదలో మునిగియుండగా తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును భయము కలుగుట సహజము. వీని చెవి చెడిపోదు గదా? త్యాగరాజ కీర్తన యందు గాని, ఒక మంచి జానపద గీతము నందు గాని వీనికి మరల రుచి పుట్టునా? ఈ ప్రశ్న విచారింపదగినది.

భయము మాత్రము క్రొత్తది కాదు. 1913 మే 29న పారిస్ నగరములో రష్యా స్వరకర్త ఇగోర్ స్ట్రావిన్‌స్కీ రచించిన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' అను నృత్యరూపకము తొలిసారి ప్రదర్శింపబడినప్పుడు సభలో ఈలలు, కేకలు చెలరేగినవి. ఆ నృత్యమును, ఆ సంగీతమును అనేకులు సహింపలేకపోయిరి. ఇరువదియేడేండ్లు గడచినవి. 1940లో వాల్ట్ డిస్నీ 'ఫాంటేసియా' చిత్రములో భూమి పుట్టుకను, డైనోసార్ల కథను చూపుటకు ఆ సంగీతమునే వాడుకొనెను. పెద్దలను కలవరపెట్టిన స్వరములను పిల్లలు వేడుకగా వినిరి. చెవి మారినది.

దూరదేశముల మాట యెందుకు? ఫిడేలు ఐరోపావారి వాద్యము. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదినములలో బాలుస్వామి దీక్షితులు మున్నగువారు దానిని కర్ణాటక సంగీతములోనికి తెచ్చిరి. ద్వారం వేంకటస్వామినాయుడు (1893-1964) కమాను పట్టినప్పుడు అది పరదేశపు వాద్యమని ఎవరికి తోచినది? నేడు ఫిడేలు లేని గాత్రకచేరీ అరుదు.

ఈ మార్పు ఎట్లు కలుగుచున్నది? మరల మరల ఎదురైన వస్తువుపై, వేరు కారణమేదియు లేకున్నను, ఇష్టము పెరుగునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జయాంక్ 1968లో నిరూపించెను. మిక్కిలి సరళమైనది విసుగు పుట్టించును, మిక్కిలి జటిలమైనది బెదరగొట్టును, నడుమనున్నది రంజింపజేయును అని డేనియల్ బెర్లైన్ సిద్ధాంతము. ఈ రెండింటిని కలిపి చూచినచో విషయము విశదమగును. ఆ నడిమి చోటు అందరికిని ఒక్కటి కాదు, ఒక్కనికైనను ఎల్లకాలము ఒక్కటి కాదు. పరిచయము పెరిగినకొలది అది జరుగుచుండును. మొదటి దినమున కేవలము రొదగా వినబడినదానిలో పదవ దినమున లయ కనబడును. ఇరువదవ దినమున నాదముల ఛాయాభేదములు తెలియవచ్చును. 2016లో జాష్ మెక్‌డెర్మట్ ప్రభృతులు బొలీవియా అడవులలోని చిమానే జాతివారికి స్వరసముదాయములను వినిపించి చూచిరి. పాశ్చాత్యుల చెవికి కఠోరమైనవి, మధురమైనవి కూడ వారికి సమానముగనే ఇంపుగా నుండెను. స్వరములలో మనము పాటించు ఇంపు, కంపరము అను భేదము కొంతవరకైనను పెంపకము వలన ఏర్పడినదే యని దీనివలన తేలుచున్నది.

అయినచో హద్దు దాటిన చెవి ఇంకను ఇంకను కాఠిన్యమునే కోరుచు అచ్చటనే నిలిచిపోవునా? ఆ దారిని తుదివరకు నడచిన కళాకారుల చరిత్ర వేరొక కథ చెప్పుచున్నది.

పైన చెప్పిన బర్మింగ్‌హామ్ బృందమునే చూడుడు. వేగమునకు పరాకాష్ఠ అనిపించుకొన్న ఆ యువకులలో గాయకుడు లీ డోరియన్ 1989లో కెథీడ్రల్ అను మరియొక బృందమును కూర్చి మిక్కిలి మందగతిగల సంగీతమునకు మరలెను. డ్రమ్ములు వాయించిన మిక్ హారిస్ స్కార్న్ అను పేరుతో విలంబితమైన, నీడలు క్రమ్మినట్టి సంగీతము చేసెను. గిటారు వాయించిన జస్టిన్ బ్రాడ్రిక్ కొన్నేండ్లకు జేసు అను బృందముతో రాగమాధుర్యమునకు చోటిచ్చెను.

శాస్త్రీయ సంగీతములోను ఇట్లే జరిగినది. పోలండు దేశీయుడు క్షిష్టాఫ్ పెండెరెట్‌స్కీ 1960లో ఏబదిరెండు తంత్రీవాద్యములకు ఒక కృతి రచించెను. అది అరపులవలెను, యంత్రముల హోరువలెను వినబడును. హిరోషిమా మృతులకు అంకితమైన ఆ శోకకృతితో అతడు లోకప్రసిద్ధుడయ్యెను. కాని 1970లు సగము గడచిన పిదప అతడు ప్రాతకాలపు రసభరితమైన శైలికి తిరిగివచ్చెను. అతని దేశస్థుడే యగు హెన్రిక్ గురెట్‌స్కీ మొదట కఠోరరచనలు చేసి, 1976లో నెమ్మదిగా విలపించు మూడవ సింఫనీ రచించెను. దాని 1992 నాటి రికార్డు పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. ఎస్టోనియా దేశపు ఆర్వో పార్ట్ చరిత్ర మరింత ఆశ్చర్యకరము. గణితమువలె బిగించిన నవీనపద్ధతిలో రచనలు చేసి, 1968 తరువాత చాలకాలము దాదాపు మౌనము వహించి, ప్రాచీన క్రైస్తవ గానమును అభ్యసించి, 1976లో చిన్న పియానో కృతి ఒకటి వెలువరించెను. ఒక్కొక్క స్వరము గంటవలె మ్రోగి, దాని అనురణనము అణగువరకు వేచియుండు కృతి అది.

వీరు తిరిగివచ్చిరనుటలో ఒక సూక్ష్మము కలదు. ఎన్నడు ఇల్లు కదలనివాడును, దేశములు తిరిగి ఇల్లు చేరినవాడును ఒకే అరుగుమీద కూర్చుండవచ్చును. వారు చూచు వీధి మాత్రము ఒకటి కాదు. శబ్దముల ముప్పిరిలో మెలగినవాడు గనుకనే పార్ట్ ఒక్క స్వరపు విలువ నెఱిగెను.

శ్రోతకును ఇట్టిదే సంభవించును. పల్లవి, చరణము, పరిచితమైన రాగము అను ఊతకోలలు లేని సంగీతమును కొంతకాలము వినినవానికి నాదమునే వినుట అలవడును. అట్టివాడు మరల కచేరీకి వచ్చినప్పుడు అంతకుముందు తాను గమనింపని తంబురను వినును; స్వరమునకు స్వరమునకు నడుమ గమకము నడచు దారిని వినును; మృదంగము ఆగినప్పటి నిశ్శబ్దమును గూడ వినును. అమెరికా స్వరకర్త లా మాంట్ యంగ్ 1960లో రెండే స్వరములను వ్రాసి, వాటిని చాలసేపు నిలుపవలెనని సూచించిన రచన ఒకటి చేసెను. ఆ మార్గమున సాగిన యంగ్, అతని మిత్రుడు టెర్రీ రైలీ 1970లో ఎవరి యొద్ద శిష్యులుగా చేరిరి? కిరానా సంప్రదాయపు హిందూస్తానీ గాయకుడు పండిత ప్రాణనాథుని యొద్ద! పాశ్చాత్య నవ్యతయొక్క కొన వెదకుచు పోయినవారు తంబుర నాదము చెంత ఆగిరి.

ఇంతమాత్రముచే ఈ దారి నిరపాయకరమని చెప్పరాదు. మొదటి అపాయము అహంకారము. ఎవరికిని రుచింపనిది తనకు రుచించుటయే రసజ్ఞత యని యువకుడు భ్రమపడుట కలదు. తల్లి పాడు మంగళహారతిని చిన్నచూపు చూచువాని చెవి విశాలమైనట్లు కాదు. అది ఒక ఇఱుకు నుండి మరియొక ఇఱుకునకు మారినది. రెండవది శరీరమునకు సంబంధించినది. 12 మొదలు 35 ఏండ్ల వయసువారిలో 100 కోట్లకు పైగా జనులకు, అధికధ్వనితో వినుట వలన వినికిడి లోపించు ప్రమాదము కలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో హెచ్చరించెను. 80 డెసిబెల్లుల ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 డెసిబెల్లులైనచో 4 గంటలు మాత్రమే. ఈ లెక్క కఠోర సంగీతమునకే గాక పెండ్లి ఊరేగింపుల లౌడుస్పీకర్లకును వర్తించును.

హింసను వర్ణించు పాటలు వినువారి హృదయము మొద్దుబారునను శంకను సిడ్నీలోని మెక్వారీ విశ్వవిద్యాలయమువారు పరీక్షించి 2019లో ఫలితములు ప్రకటించిరి. హింసాదృశ్యములను చూపినప్పుడు ఆ పాటల అభిమానులును ఇతరులవలెనే స్పందించిరి. ఒక్క పరీక్షతో సర్వము తేలదు. కాని నిషేధము విధించుటకు ముందు దీనిని తెలిసికొనుట మేలు.

క్రొత్తదారి తొక్కుటకు తగిన సిద్ధత యేమి యనుటకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) నిదర్శనము. ఆయన నాలుగే స్వరములతో 'మహతి' వంటి రాగములను కల్పించినప్పుడు సంప్రదాయజ్ఞులు ఆక్షేపించిరి. అట్లు కల్పించినవాడు యౌవనములోనే 72 మేళకర్త రాగములలోను కృతులు రచించినవాడు. హద్దు ఎచ్చట నున్నదో ఎఱిగి దాటుట వేరు, హద్దున్నదని తెలియక దాటుట వేరు.

ఉపాధ్యాయుని పాత్ర ఇచ్చటనే యున్నది. నేటి ఫోనులోని యంత్రగణనము పిల్లవాడు నిన్న వినినదానిని పోలినదానినే నేడు ముందుంచుచున్నది. కఠోర సంగీతము విను బాలుని దానిలోనే, సినిమా పాటలు విను బాలుని వాటిలోనే త్రిప్పుచున్నది. వారిని దాని నుండి వెలికి తీయగలవాడు ఎదుట నిలిచిన మనుష్యుడు. తరగతిలో నెలకొక పర్యాయము పిల్లలెన్నడు వినని సంగీతమును అయిదు నిమిషములు మూడుసార్లు వినిపింపవచ్చును. బాగున్నదా, బాగులేదా అని అడుగక, ఏమి వినబడినదో వ్రాయుమని అడుగవలెను. ఒక నెల పార్ట్ పియానో, ఒక నెల నాదస్వరము, ఒక నెల విద్యార్థి తాను తెచ్చిన రొద. గురువు తన సంగీతమును విన్నాడని ఎఱిగిన బాలుడు గురువు సంగీతమును వినుటకు సమ్మతించును. నిషేధించినచో అతడు హెడ్‌ఫోన్లు మరింత బిగించుకొనును. అప్పుడు ఆ సంగీతమేదో గురువునకు తెలియదు, గురువు సంగీతమేదో అతనికి తెలియదు.