తుంటి కీలులోని చిరుగు తైలంతో అతుకుతుందా?

మన ఇళ్ళలో నడుము కింద ఎక్కడ నొప్పి పుట్టినా దానికి వాతమని పేరు పెట్టి తైలం సీసా మూత తీయడం పరిపాటి. తైలమర్దనం మన వైద్యంలో ఉత్తమమైన ఉపచారమే. ఏళ్ళ తరబడి ఆయుర్వేద వైద్యం చేస్తున్న నాకు దాని విలువ తెలియనిది కాదు. అయితే అన్ని నొప్పులనూ ఒకే గాటన కట్టడంవల్ల కొన్ని బాధలు మన అశ్రద్ధతోనే ముదిరిపోతున్నాయి. తుంటి కీలులోని లేబ్రమ్ చిరగడం అటువంటిదే. దీని విషయంలో నేడు రెండు వాదాలు వినిపిస్తున్నాయి. చిరుగును తైలంతోనే అతికిస్తామనేవారు కొందరు. స్కానింగులో చిరుగు కనిపించగానే ఆపరేషను తప్పదనేవారు మరికొందరు. ఈ రెండూ రోగికి మేలు చేయవని నా నిశ్చితాభిప్రాయం.

రోలు వంటి కీలు

సుశ్రుతుడు శరీరంలో 210 సంధులను లెక్కించి, ఆకృతినిబట్టి వాటిని ఎనిమిది రకాలుగా విభజించాడు. వంక్షణ సంధిని, అనగా తుంటి కీలును, ఉలూఖల సంధులలో చేర్చాడు. ఉలూఖలమంటే రోలు. కటి ఎముకలోని గుంటలో తొడ ఎముక గుండ్రని తల ఇమిడి తిరుగుతుందని నేటి శరీరశాస్త్రం కూడా చెబుతుంది. ఆ గుంట అంచు చుట్టూ మెత్తని, గట్టి పీచుగల మృదులాస్థి వలయమొకటి ఉంటుంది. అదే లేబ్రమ్. ప్రెషర్ కుక్కర్ మూతలోని రబ్బరు వాషరు ఆవిరిని బయటకు పోనీయనట్లే, ఈ వలయం కీలులోని జిగురు ద్రవాన్ని లోపలే నిలిపి ఉంచుతుంది. గుంటకు లోతునూ ఇస్తుంది.

ఈ వలయానికి రక్తప్రసరణ చాలా తక్కువ. బయటి అంచుకు మాత్రమే కొంత అందుతుంది. కనుకనే చర్మంపై గాయం మానినట్లు ఇది తనంతట తాను సులభంగా అతుక్కోదు.

జారి పడడం, వాహన ప్రమాదాలు, పదేపదే తుంటిని మెలితిప్పే ఆటలు, నృత్యాలు దీనికి కారణం కావచ్చు. పుట్టుకతో గుంట లోతు తక్కువగా ఉన్నవారికీ, వయసు పైబడినవారికీ ఇది రావచ్చు. ఎముకల ఆకారంలో లోపం మరొక ముఖ్య కారణం. తొడ ఎముక తలపైగాని గుంట అంచునగాని ఎముక ఎక్కువగా ఉంటే, కాలు మడిచినప్పుడల్లా మధ్యనున్న వలయం నలుగుతుంది. ఈ ఒరిపిడి క్రమేణా కీలు అరుగుదలకు దారితీస్తుందని స్విట్జర్లాండులోని బెర్న్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు 2003లో వివరించారు. కుక్కర్ అంచు వంకరపోయినప్పుడు వాషరు ఒక్కటే మార్చి ప్రయోజనమేమి?

గుర్తించడం ఎలా?

నొప్పి సాధారణంగా గజ్జలో, లోతుగా ఉంటుంది. చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు, ఆటోలోకి ఎక్కి దిగేటప్పుడు, కాలు లోపలికి తిప్పినప్పుడు ఎక్కువవుతుంది. కీలు టక్కుమనడం, పట్టేసినట్లుండడం కూడా కద్దు. పిరుదునుండి తొడ వెనుకగా మోకాలి కిందికి పాకే నొప్పి గృధ్రసి. దానికి కారణం వెన్నులో వెదకాలి.

ఎక్స్‌రే ఎముకల ఆకారాన్ని చూపుతుంది. చిరుగును చూపేది ఎం.ఆర్.ఐ. అయితే ఒక విషయం మరువరాదు. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తుంటి నొప్పి ఏమాత్రం లేని 45 మందికి ఎం.ఆర్.ఐ. తీయగా 69 శాతం కీళ్ళలో చిరుగులు కనిపించాయి. వారి సగటు వయస్సు సుమారు 38 ఏళ్ళు. కనుక చికిత్స చేయవలసినది మనిషికిగాని ఫిల్ముకు కాదు.

మొదటి మూడు నెలలు

అత్యవసర లక్షణాలు లేనివారు మొదట మూడు నెలలపాటు నియమబద్ధమైన వ్యాయామ చికిత్స చేయాలి. పిరుదుల కండరాలు, పొట్ట కండరాలు బలపడితే కీలుపై భారం తగ్గుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం, ఒక పక్కకు పడుకుని పై కాలును నెమ్మదిగా ఎత్తడం వంటివి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో నేర్చుకోవాలి. గొంతుకూర్చోవడం, బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చోవడం, పద్మాసనం కొంతకాలం మానాలి. నొప్పి లేనంతవరకే కాలు మడవాలి. నడకలో కుంటు ఉంటే చేతికర్రను నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది దీనికి విరుద్ధంగా పట్టుకుంటారు.

తైలం స్థానం

మహానారాయణ తైలంగాని క్షీరబలా తైలంగాని గోరువెచ్చగా తుంటి, తొడల చుట్టూ సున్నితంగా రాసి, వావిలాకుతో కాపడం పెడితే బిగుసుకున్న కండరాలు సడలుతాయి, నొప్పి కొంత ఉపశమిస్తుంది. వ్యాయామానికి ముందు ఇది చక్కని సహాయకారి. అంతకుమించి ఆశించరాదు. కీలు దట్టమైన కండరాల అడుగున ఉంది. పైన రాసిన తైలం చిరిగిన వలయాన్ని కుట్టలేదు. కాలు లాగి, మెలితిప్పి ‘పట్టు విడిపించే’ మోటు మర్దనం మాత్రం ఎన్నడూ చేయించుకోరాదు.

మరొక హెచ్చరిక. పేరూ, పదార్థాల వివరమూ లేని కీళ్ళ నొప్పుల పొడులను వాడకండి. అటువంటి పొడులలో స్టెరాయిడ్లు కలిపిన సందర్భాలు బయటపడ్డాయి. దీర్ఘకాలం అవి లోనికి వెళ్తే తొడ ఎముక తలకు రక్తం అందక, అది కుంగిపోయే ప్రమాదముంది. తుంటి నొప్పికి మందు తిని తుంటినే పోగొట్టుకోవడం ఎంతటి విషాదం!

శస్త్రచికిత్స ఎవరికి?

ఆయుర్వేదాభిమానులు శస్త్రచికిత్సను అన్యంగా చూడనవసరం లేదు. సుశ్రుతుడు స్వయంగా శస్త్రవైద్యుడు. నేడు ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో చిన్న రంధ్రాలద్వారా చిరిగిన వలయాన్ని ఎముకకు కుడతారు, అదనపు ఎముకను చెక్కుతారు. ఎముకల ఒరిపిడితో బాధపడే 348 మందిపై బ్రిటన్‌లోని 23 ఆసుపత్రులలో జరిగిన పరిశీలన 2018లో వెలువడింది. ఏడాది తరువాత, వంద మార్కుల కొలమానంలో శస్త్రచికిత్స పొందినవారికి సగటున సుమారు 59, వ్యాయామ చికిత్స పొందినవారికి సుమారు 50 వచ్చాయి. రెండు వర్గాలవారూ మెరుగుపడ్డారు. శస్త్రచికిత్సవారు కొంత ఎక్కువగా.

కాబట్టి శ్రద్ధగా వ్యాయామం చేసినా బాధ తగ్గనివారికి, ఎముకల ఒరిపిడి స్పష్టంగా ఉండి కీలు ఇంకా అరగనివారికి శస్త్రచికిత్స సమంజసం. తరువాత కొన్ని వారాలు చంకకర్రలు, కొన్ని నెలలు వ్యాయామం తప్పవని ముందే తెలుసుకోవాలి. కీలు బాగా అరిగిపోయినవారికి ఈ కుట్టువల్ల ప్రయోజనం తక్కువ; వారి విషయంలో కీలు మార్పిడిని యోచించవలసి వస్తుంది.

పడిన తరువాత కాలు మోపలేకపోవడం, నొప్పితోపాటు జ్వరం, పసిపిల్లలలో కుంటు కనిపిస్తే గృహవైద్యం జోలికి పోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే. మన తైలాలు చేయగలిగిన మేలును చెప్పుదాం. చేయలేనిదాన్ని కూడా రోగికి నిస్సంకోచంగా చెప్పుదాం. ఆయుర్వేదం గౌరవం దానివల్ల పెరుగుతుందేగాని తరగదు. పాఠకులారా, గజ్జలో నొప్పి వారాల తరబడి తగ్గకపోతే ముందు అది ఏమిటో నిర్ధారణ చేయించుకోండి. తైలం సీసా ఆ తరువాత.