మీకు డాక్టరు పోయింది, మా తాతకి పేరే పోయింది



మండపేటలో నా గదికి ఈ మధ్య ఒక పరిశోధన పుస్తకం వచ్చింది. పోడు మీద. అందులో మూడు పేజీలు మా తాత చెప్పినవే. ఏ వాలులో జొన్న వెయ్యాలి, పక్కన కంది ఎందుకు వెయ్యాలి, నేలని ఎన్నేళ్లు వదిలెయ్యాలి... చిన్నప్పుడు నాకూ చెప్పిన మాటలే. తాత పేరు కోసం వెతికాను. లేదు. "ఒక కొండరెడ్డి వృద్ధుడు" అని ఉంది. అట్ట మీద రాసినాయనకి మాత్రం ముందు డాక్టరు, వెనక డిగ్రీలు.

ఫోన్ చేసి అడిగాను. "రూల్సుంటాయి బాబూ. ఎవరి మాటైనా ఉదహరిస్తే వాళ్ల పేరుకి మాత్రం డాక్టరు తగిలిస్తామా?" అన్నారు.

నిజమే. ఏపీఏ పద్ధతిలో చివరి జాబితాలో డాక్టరు, ప్రొఫెసరు, పీహెచ్‌డీ ఏవీ ఉండవు. మంచి రూలే. మాటకి విలువ మాటలోంచి రావాలి గానీ పట్టాలోంచి కాదు. కానీ అదే పద్ధతిలో నోటితో చెప్పింది 'వ్యక్తిగత సంభాషణ'. అది జాబితాకెక్కదు. వాళ్లకి తోక కత్తిరించారు, మాకు తలకాయే తీసేశారు.

ఇది ఇవాళ్టిది కాదు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మొదటి పేజీలో ఆయన పేరు పక్కన సీఐఈ బిరుదు, సాయం చేసిన రంగాచారి పేరు పక్కన ఎంఏ. ముక్కులు, తలలు కొలిపించుకున్న మనుషులకి ఆ పేజీలో చోటేదీ?

కెనడాలో క్రీ తెగ ఆడబిడ్డ, లైబ్రేరియన్ లోరీషియా మెక్లౌడ్ దీనికి దారి చూపించింది. పెద్దల మాటకి ఒక నమూనా తయారుచేసింది: పేరు, తెగ, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ. పుస్తకాల పక్కనే, చివరి జాబితాలోనే. 2021లో దాని మీద వ్యాసమూ రాసింది.

"పేరు వేస్తే మీకే ఇబ్బంది" అంటారు. అయితే తాతని అడగండి. వద్దంటే దాచండి. అడక్కుండా దాచితే అది రక్షణ కాదు, దొంగతనం.

మనమూ తక్కువ తినలేదు. మన సభల కరపత్రాల్లో డాక్టరు గార్లు పైవరసలో, ఊరి పెద్దకాపు 'తదితరుల్లో'.

తీస్తే అందరి బిరుదులూ తియ్యండి. వేస్తే మా తాతకీ వెయ్యండి. ఆయన పెద్దకాపు. యూనివర్సిటీ ఇవ్వలేదు, ఊరిచ్చింది.

జై ఆదివాసీ!