పురుగు పట్టడం ప్రకృతి వ్యవసాయానికి సర్టిఫికెట్ కాదు

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. బియ్యానికి పురుగు పట్టిందని కొన్నవాళ్లు ఫోన్ చేస్తే, "మందులు కొట్టలేదు కాబట్టే పట్టింది, సంతోషించండి" అని సమాధానం. వినడానికి బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఈ మాట అస్సలు నచ్చదు. అలా చెప్పి పంపిన కస్టమర్ రెండోసారి ఫోన్ చేయడు.

పొలంలో యూరియా వేశామా, జీవామృతం పోశామా అన్నది ముక్కు పురుగుకి అనవసరం. దానికి కావాల్సింది గింజలో తేమ, కాస్త వెచ్చదనం. తల్లి పురుగు గింజకి చిన్న బెజ్జం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. చూడ్డానికి గింజ శుభ్రంగానే ఉంటుంది. వేడి రోజుల్లో నెల తిరిగేసరికి డబ్బాలో పాకుతూ కనిపిస్తుంది. అంటే చాలాసార్లు పురుగు కస్టమర్ వంటింట్లో పుట్టదు, మన బస్తాలోనే ఎక్కి వెళ్తుంది.

అసలు విషయం ఎండబెట్టడం. కొనుగోలు కేంద్రంలో వడ్లకి 17 శాతం తేమ వరకు ఒప్పుకుంటారు. అది కొనడానికి పెట్టిన హద్దు, దాచడానికి కాదు. ఏడాది నిలవాలంటే 12 శాతానికి దించాలి. మరి ఎందుకు దించడం లేదు? లెక్క చూడండి. 17 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లు 12 శాతానికి ఆరితే 94.3 కిలోలు అవుతాయి. క్వింటాకి 5.7 కిలోలు గాలిలో కలిసిపోయినట్టే. తూకం మీద అమ్ముకునే రైతు ఆ నష్టం ఎందుకు భరిస్తాడు? భరించొద్దు కూడా. ఆ తరుగు ధరలో కలిపి, ఎందుకు కలిపామో కస్టమర్‌కి ధైర్యంగా చెప్పాలని నేనంటాను. నేను అలాగే అమ్ముతున్నా. బేరం ఆడేవాళ్లు ఉంటారు, కానీ ఒకసారి కూర్చుని లెక్క చెప్తే చాలామందికి అర్థమవుతుంది.

మీటర్ లేకపోతే ఉప్పు పరీక్ష చేయండి. పొడి గాజు సీసాలో కొన్ని గింజలు, బాగా ఆరిన ఉప్పు వేసి ఊపి, కాసేపు ఆగి చూడండి. ఉప్పు గోడలకి అంటుకుంటే తేమ ఇంకా 15 శాతం పైనే ఉంది. అంటుకోలేదంటే పనైపోయిందని కాదు, మళ్లీ ఎండ చూపించాలి. ఎండలోంచి ఎత్తిన వేడి గింజని వెంటనే డ్రమ్ములో పోసి మూత బిగించొద్దు, లోపల చెమ్మ పడుతుంది. నీడలో చల్లారనిచ్చి, అప్పుడు అంచు దాకా నింపండి. సగం డ్రమ్ములో గాలి ఉంటుంది, గాలి ఉన్నచోట పురుగు బతుకుతుంది. (గింజ ఆరబెట్టే విధానం పైన వీడియోలో మొత్తం చూపించాను.)

వేపాకు గురించి అందరూ అడుగుతారు. అది పురుగుని కొంత దూరం పెడుతుందే గానీ, గింజ లోపల ఉన్నదాన్ని చంపదు. పచ్చి ఆకు వేస్తే తేమ మనమే కలిపినట్టు.

కందులు, పెసలు వేరే కథ. పుచ్చు పురుగు చేలోనే కాయ మీద గుడ్డు పెట్టి ఇంటికొస్తుంది. వీటిని 9 శాతం దాకా ఆరబెట్టాలి. తినడానికైతే వెంటనే పప్పు చేయించుకోవడం మేలు, ఆ పురుగుకి గుడ్డు పెట్టడానికి నిండు గింజే కావాలి. గింజగానే ఉంచాలంటే కిలోకి 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఆముదం పట్టించండి. విత్తనానికైతే మన అమ్మమ్మల బూడిద ఉండనే ఉంది.

ఇక బోరిక్ పౌడర్ కలిపిన బియ్యం, బీరువా పక్క బస్తాల్లో గ్యాస్ బిళ్ళలు... దయచేసి వద్దు. ఆ బిళ్ళల నుంచి వచ్చేది ఫాస్ఫీన్, మనుషుల్ని కూడా చంపే గ్యాస్. రసాయనం లేకుండా పండించి చివర్లో ఇంట్లో ఇది పెడితే, మూడు నెలలు పొలంలో పడ్డ కష్టం దేనికి?

ఇంకో మాట. పాత రోజుల్లో గాదెల్లో, గుమ్ముల్లో దాచింది వడ్లని, బియ్యాన్ని కాదు. పొట్టే గింజకి కాపలా. దంపుడు బియ్యం తవుడుతో ఉంటుంది కాబట్టి ముక్క వాసన కూడా త్వరగా వస్తుంది. అందుకే ఏడాది బియ్యం ఒకేసారి పంపమంటే నేను ఒప్పుకోను. వడ్లు నా దగ్గరే ఉంచి, నెలనెలా మర పట్టించి పంపుతా. రవాణా ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. ఒకే ఊళ్లో నలుగురైదుగురు కలిసి ఆర్డర్ పెడితే ఆ ఖర్చు పంచుకోవచ్చు. వచ్చే సంక్రాంతి పంట నుంచి మా దగ్గర ప్రతి బస్తా మీద మర పట్టిన తేదీ, తేమ శాతం రాసి పంపుతున్నాం. మీరు కూడా రాయడం మొదలుపెడితే కామెంట్‌లో చెప్పండి, బస్తా మీద ఇంకేం రాస్తే బాగుంటుందో కలిసి మాట్లాడుకుందాం.