'సరిపడా' అంటే ఎంత?

కొత్త ఇల్లు కడుతున్నారు. "వంటగట్టు సరిపడా ఎత్తులో కట్టవయ్యా" అని ఇంటాయన మేస్త్రికి చెప్పాడు. మేస్త్రి తలూపాడు. గట్టు లేచింది, నల్లబండ పరిచారు, పైన స్టవ్ పెట్టారు. గృహప్రవేశం రోజున పాలు పొంగించబోయిన ఇంటావిడకు గిన్నెలోకి చూడాలంటే మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది!

తప్పెవరిది? మేస్త్రి తన ఎత్తుకు 'సరిపడా' కట్టాడు. ఇంటాయన చెప్పాల్సింది చెప్పేశాననే అనుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్లే. దోషమల్లా ఆ ఒక్క మాటది. ఇప్పుడు బండ పీకాలి, గట్టు కొట్టాలి, మళ్లీ కట్టాలి. సిమెంటు దండగ, కూలి దండగ.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇదే కథ రోజూ నడుస్తుంటుంది. అక్కడ ఇల్లు కట్టించుకునేవాడు క్లయింటు, మేస్త్రి ప్రోగ్రామరు. తయారు కావాల్సిన వస్తువు ఏమేం చేయాలో ముందుగా రాసుకునే వాక్యాలే 'రిక్వైర్‌మెంట్స్'. ఇంట్లో అబ్బాయో అమ్మాయో బిజినెస్ అనలిస్టుగానో టెస్టర్‌గానో పనిచేస్తుంటే, రాత్రిపూట ఫోన్ మాటల్లో ఈ పదం చెవిన పడే ఉంటుంది. పండగకు వస్తానన్న పిల్ల టికెట్ రద్దు చేసుకుందంటే, దాని వెనక ఎప్పుడో ఆరు నెలల కిందట ఎవరో రాసిన 'సరిపడా' లాంటి మాట ఉండొచ్చు.

అలాంటి మాటలను పట్టుకుని, కింద గీత గీసి చూపించే చిన్న పరికరాలు ఇప్పుడు బ్రౌజర్‌లోనే ఇమిడిపోతున్నాయి. వీటిని ఎక్స్‌టెన్షన్లంటారు. స్పెల్లింగ్ తప్పులు చూపించే ప్రోగ్రాము అందరికీ తెలిసిందే కదా. ఇది దానికి చెల్లెలు లాంటిది. అక్షరాల్లో కాకుండా అర్థంలో ఎక్కడ సందు ఉందో వెతుకుతుంది.

ఆలోచన పాతదే

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలోని గొడ్డార్డ్ కేంద్రంలో 1990లలోనే 'ఆర్మ్' అనే ప్రోగ్రాము తయారుచేశారు. రిక్వైర్‌మెంట్స్ పత్రంలో బలహీనమైన మాటలు ఎన్ని ఉన్నాయో అది లెక్కపెట్టేది. ఇంటర్నెట్ నియమాలు రాసేవాళ్లు 1997లో 'షల్', 'షుడ్', 'మే' లాంటి మాటలకు హద్దులు గీసుకున్నారు. 'షల్' అంటే తప్పనిసరి. 'షుడ్' అంటే బలమైన కారణం ఉంటే తప్ప చేయాల్సిందే. 'మే' అంటే ఇష్టముంటే చేయొచ్చు.

2009లో రోల్స్‌రాయిస్ ఇంజినీర్లు మరో అడుగు వేశారు. జెట్ ఇంజిన్ నియంత్రణకు సంబంధించిన నియమాలను పరిశీలిస్తూ, 'ఇయర్స్' అనే వాక్యాల అచ్చు తయారుచేశారు. ఫలానాది జరిగినప్పుడు, ఫలానా వ్యవస్థ, ఫలానా పని చేసి తీరాలి... ఇదీ ఆ అచ్చు వరస. నేటి పరికరాల్లో చాలావాటి వెనక ఇలాంటి నియమాలే ఉన్నాయి.

మొదలుపెట్టడం ఇలా

క్రోమ్ వాడేవాళ్లు వెబ్ స్టోర్‌లో వెతికి 'యాడ్' మీట నొక్కితే ఎక్స్‌టెన్షన్ వచ్చి చేరుతుంది. అడ్రస్ పట్టీ పక్కన జిగ్‌సా ముక్క లాంటి బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, కొత్త పరికరం పక్కనున్న పిన్ను గుర్తు నొక్కితే అది ఎప్పుడూ కళ్లెదుటే ఉంటుంది.

అయితే మీట నొక్కేముందు ఒక్క క్షణం ఆగాలి. మీరు చూసే వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదువుతాను, మారుస్తాను అని ఇలాంటి పరికరాలు చాలావరకు అనుమతి అడుగుతాయి. అన్నిచోట్లా ఆ అనుమతి ఇస్తే బ్యాంకు పేజీ కూడా అందులోకి వస్తుంది! అందుకే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'నొక్కినప్పుడు మాత్రమే' అనో, 'ఈ సైట్లలో మాత్రమే' అనో మార్చుకోవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వాక్యాన్ని అది మీ కంప్యూటర్‌లోనే పరీక్షిస్తుందా, ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపుతుందా? రిక్వైర్‌మెంట్స్ అంటే క్లయింటు రహస్యాలు. కృత్రిమ మేధతో వాక్యాన్ని తిరగరాసి ఇచ్చే కొత్త రకాలకు పాఠాన్ని బయటకు పంపడం మామూలు. గోప్యతా నిబంధనలు చదవాలి. ఆఫీసు పని అయితే ఆఫీసు అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. సొంతంగా రాసుకున్న ఉత్తుత్తి వాక్యాలతో నేర్చుకోవడం అన్నిటికన్నా క్షేమం.

ముందు పది వాక్యాలు

కొత్త పరికరం దొరికింది కదా అని రెండొందల పేజీల పత్రాన్ని దాని ముందు పోస్తే ఎర్రగీతల వరద వస్తుంది. చూసినవాళ్లు హడలిపోయి దాన్ని ఆపేస్తారు. పది వాక్యాలతో మొదలుపెడితే చాలు.

ఉదాహరణకు ఈ వాక్యం చూడండి. "బస్సు టికెట్ల పేజీ వేగంగా తెరుచుకోవాలి, వాడేవారికి సులువుగా ఉండాలి, అవసరమైతే మెసేజ్ పంపబడాలి." ఈ పరికరాలు ఎక్కువగా ఇంగ్లిష్ కోసం తయారైనవి కాబట్టి, ఇదే మాట ఇంగ్లిష్‌లో రాస్తే నాలుగు చోట్ల వేలు చూపించే అవకాశం ఉంది. 'వేగంగా' అంటే ఎంత? 'సులువు' ఎవరికి? 'అవసరమైతే' అని తేల్చేదెవరు? 'పంపబడాలి' సరే, పంపేదెవరు? పైగా ఒక్క వాక్యంలో మూడు కోరికలు. రెండు నెరవేరి ఒకటి మిగిలితే పని అయినట్టా, కానట్టా?

విడగొట్టి రాస్తే ఇలా ఉంటుంది. "ప్రయాణికుడు తేదీ ఎంచుకున్నప్పుడు, సిస్టమ్ 3 సెకన్లలోగా ఖాళీ సీట్లు చూపించాలి." "చెల్లింపు పూర్తయినప్పుడు, సిస్టమ్ 60 సెకన్లలోగా టికెట్ నంబరుతో ఎస్సెమ్మెస్ పంపాలి." ఇప్పుడు గడియారం పట్టుకుని ఎవరైనా పరీక్షించొచ్చు. వాదనకు చోటు లేదు. 'సులువుగా' అన్న మాట మాత్రం మిగిలిపోయింది. దాన్ని క్లయింటునే అడగాలి.

దానికి తెలియనిది

కొన్ని పరికరాలు వాక్యానికి మార్కులు కూడా వేస్తాయి. నూటికి నూరు వచ్చేదాకా దిద్దుతూ కూర్చోవడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. మాటల జాబితాతో నడిచే పరికరానికి 'మే' నెలకూ, 'చేయొచ్చు' అని అర్థమిచ్చే 'మే'కూ తేడా తెలియకపోవచ్చు. అలాంటి గీతలను నవ్వుకుని వదిలేయాలి.

అసలు చిక్కు వేరు. మూడు సెకన్లు అనడానికి బదులు ముప్ఫై అని రాసినా ఆ వాక్యానికి మంచి మార్కులే వస్తాయి. అంకె ఉందా లేదా అన్నది అది చూస్తుంది. అంకె సరైనదా కాదా అన్నది దానికి తెలియదు.

స్పష్టంగా రాసినంత మాత్రాన గండం గడిచిపోదని 1999లో నాసాకు తెలిసొచ్చింది. అంగారకుడి వైపు వెళ్లిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌కు సంబంధించి భూమ్మీది ఒక ప్రోగ్రాము లెక్కలను న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని పత్రంలో రాసే ఉంది. ప్రోగ్రాము మాత్రం పౌండ్-సెకన్లలో ఇచ్చింది. రెంటికీ తేడా 4.45 రెట్లు. గ్రహానికి 226 కిలోమీటర్ల ఎత్తున సాగాల్సిన నౌక 57 కిలోమీటర్ల దాకా దిగిపోయింది. సెప్టెంబరు 23న దానితో సంబంధాలు తెగిపోయాయి, మళ్లీ కలవలేదు. వాక్యం బాగానే ఉంది. పని దాని ప్రకారం జరిగిందా అని సరిచూడటమే లోపించింది.

కాబట్టి ఈ పరికరం చేసే మేలు ఒక్కటే. ఎక్కడ ప్రశ్న వేయాలో చూపిస్తుంది. ఆ ప్రశ్నను పట్టుకుని మనిషి దగ్గరకు వెళ్లాల్సింది మనమే. 'సరిపడా' కింద గీత పడితే అక్కడ తోచిన అంకె వేసేయడం కాదు... టేపు తీసుకుని, ఆ వంటగట్టు దగ్గర రోజూ నిలబడబోయే ఇంటావిడను పిలిచి, "అమ్మా, ఇంత ఎత్తు చాలా?" అని అడగాలి.