ఓడ ఎక్కే ముందు

ఎడమ కాలువకు నీళ్లెప్పుడొస్తాయా అని చూసే కవితాళ వాళ్లకు సముద్రం మాటలెందుకని కొందరు నవ్వుకోవచ్చు. కానీ ఎరువులు, విత్తనాల డీలర్లను కంపెనీలు టూర్లకు తీసుకుపోవడం మనకు కొత్త కాదు. ఇప్పుడా మీటింగులు ఓడల మీద కూడా జరుగుతున్నాయి. వెళ్లొచ్చినాయన ఫోటోలు చూపిస్తే, ఇంటిల్లిపాదీ వెళ్దామని పిల్లలు పట్టుబట్టడం సహజమే. మనకొక సౌకర్యం కూడా ఉంది. రాయచూరు స్టేషను ముంబయి-చెన్నై ప్రధాన మార్గం మీద ఉంది కనుక, ముంబయికైనా చెన్నైకైనా ఒక రాత్రి రైలు ప్రయాణమే.

కార్డీలియా సంస్థ 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి 'ఎంప్రెస్' అనే ఓడను నడపడం మొదలుపెట్టింది. 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది. అప్పుడు దాని పేరు 'నార్డిక్ ఎంప్రెస్'. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖపట్నానికీ వచ్చింది. 2023లో అదే రేవు నుంచి శ్రీలంకకు వెళ్లింది. వానకాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ నెలల్లో తూర్పు తీరానికి రావడం తెలివైన పనే. మనకు తీరిక దొరికేది ఎలాగూ ఖరీఫ్ వడ్లు మిల్లుకు చేరాకే. అప్పటికి పడమటి సముద్రం శాంతిస్తుంది.

మీటింగుకు బాగున్న ప్రయాణం కుటుంబానికీ బాగుంటుందనుకోకూడదు. మీటింగుకు కావలసింది రేవు తగలని రెండు రాత్రుల ప్రయాణం. హాల్లోంచి జారుకుని బజారుకు పోయే దారి ఎవరికీ ఉండదు, సెల్‌ఫోన్ సిగ్నలు కూడా తీరం దాటగానే పోతుంది. అదే ప్రయాణం పిల్లలకు రెండో రోజు మధ్యాహ్నానికే విసుగు పుట్టిస్తుంది. వాళ్లకు దిగి చూసే ఊళ్లు కావాలి. కాబట్టి ఓడ ఎంత పెద్దదని అడిగే ముందు, నేల మీద ఎన్ని గంటలు ఉంటామో అడగండి.

లక్షద్వీపాల ప్రయాణంలో ఒక చిక్కుంది. పెద్ద ఓడ లోతు నీళ్లలోనే ఆగుతుంది, అక్కడి నుంచి చిన్న పడవల్లోకి దిగి ఒడ్డుకు వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మగారికి అది కష్టం. ఆవిడ కోసమైతే ఓడ నేరుగా గట్టుకు ఆనుకునే రేవులున్న ప్రయాణమే మేలు. గది విషయంలో బస్సును తలుచుకోండి. వెనక చక్రాల మీద సీటుకు కుదుపెక్కువ కదా! ఓడలోనూ అంతే, ముందూ వెనకా ఊగుతాయి. కింది అంతస్తులో నడిమధ్య గది తీసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. చవగ్గా వచ్చే లోపలి గదికి కిటికీయే ఉండదు. గాలీ వెలుతురూ కావాలనే పెద్దవాళ్లను అందులో పెట్టకండి.

డబ్బు కన్నా ముఖ్యమైనది రక్షణ. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన పర్యాటకుల బోటు, గోదావరి వరద మీదున్నప్పుడు కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కిన 77 మందిలో 26 మందే బయటపడ్డారు. పెద్ద ఓడలకూ మినహాయింపు లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో 'కోస్టా కాంకార్డియా' రాతిని రాసుకుని ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి ప్రమాదమొస్తే ఏం చేయాలో చూపే కసరత్తు ఇంకా జరగనే లేదు. ఆ తరువాతే అంతర్జాతీయ నియమం మారింది. ఇప్పుడు ఆ కసరత్తు ఓడ కదిలేలోగానో, కదిలిన వెంటనేనో జరగాలి. సైరను మోగినప్పుడు మనవాళ్లు భోజనాల వరుసలో నిలబడిపోకుండా పిల్లల్ని తీసుకుని మన గుంపు చేరే చోటికి వెళ్లాలి. గది నుంచి అక్కడికి మెట్ల దారి ఒకసారి నడిచి చూసుకోండి. లిఫ్టును నమ్ముకోవద్దు.

టికెట్టు ధర మీద రేవు రుసుములు, పన్ను అదనంగా పడతాయేమో ముందే తేల్చుకోండి. శాకాహారం గొడవేమీ లేదు. జూదశాల ఉందేమో అడగండి, ఉంటే ఇంటి కుర్రాళ్ల మీద ఒక కన్ను వేయండి. శ్రీలంకకైతే పాస్‌పోర్టు తప్పదు, లక్షద్వీపాలకు ప్రవేశ అనుమతి కావాలి. టికెట్టు తీసుకునేటప్పుడే అందరి కార్డులూ ముందు పెట్టుకోండి. మన ఇంటిపేరు ఆంధ్రా కాగితాల్లో ముందుంటుంది, ఇక్కడి బడి రికార్డులో వెనక్కి పోతుంది, ఒక్కోసారి ఒట్టి పొడి అక్షరమే మిగులుతుంది. రేవులో ఉన్న ఉద్యోగికి ఈ చరిత్రంతా తెలియదు.