పొరుగింటి పొయ్యి

దేశపరిపాలన మనగానే అది పురుషుల ముచ్చటయని పుట త్రిప్పివేయు సోదరీమణులు మనలో కొందరు కలరు. 2022వ సంవత్సరమున సింహళ స్త్రీల కట్టి వీలు దొరకలేదు. ఖాళీ గ్యాసుబండలను వరుసగా నిలిపి, వాని ప్రక్కన తాము గంటలకొలది కాచుకొనియుండిరి. కిరసనాయిలునకు వేరొక వరుస. పాలపొడి అంగళ్లలో కానరాదు. ఆ మార్చినెలలో కాగితము లేమిచే పశ్చిమ మండలమున బడిపరీక్షలే వాయిదా పడినవి.

అది వెనుకబడిన దేశమా యన్న, కాదు. 1945 నుండి అచ్చట విద్య ఉచితము. పురిటిబిడ్డల మరణములు మన దేశములోకంటె చాల తక్కువ. లోకములో మొట్టమొదట నొక స్త్రీని, శ్రీమతి సిరిమావో బండారునాయకె గారిని, ప్రధానమంత్రిగా జేసికొన్నదియు నా దేశమే, అది 1960. ఇంత మేలు చేసిన ప్రభుత్వపీఠమునుండియే పిమ్మట కీడును వచ్చినది.

1983లో మొదలై 2009లో ముగిసిన అంతర్యుద్ధము తరువాత, హంబన్‌తోట రేవునకును, ఆ చెంతనే విమానములు రాని విమానాశ్రయమునకును అప్పులు చేసిరి. రేవును 2017లో 99 ఏండ్లకు చీనా సంస్థకు కౌలు కిచ్చిరి. చీనావారే ముంచిరని పలువురందురు. మే మంత మాత్ర మనజాలము. బజారులో బాండ్ల మూలమున దెచ్చిన యప్పు అంతకంటె హెచ్చు. పైగా 2019 చివర, వస్తువులపై పన్నును నూటికి 15 నుండి 8కి దించిరి. అప్పు తీర్చవలసిన గృహస్థు జీతము తానే తగ్గించుకొన్నట్లున్నది! మరుసటి యేడే కరోనా వచ్చి యాత్రికులు రాకపోయిరి.

డాలర్లు మిగుల్చుటకై పసుపు దిగుమతిని ఆపిరి. తమిళనాటి తీరమునుండి పసుపు రహస్యముగా పడవలమీద పోయినది. పసుపు దొంగసరకగుట మేమెన్నడును వినలేదు. 2021లో రసాయనపుటెరువులను ఒక్కసారిగా నిషేధించిరి. సేంద్రియ సేద్యము మాకును ఇష్టమే గాని, నేల కలవాటుపడుటకు ఏండ్లు కావలెనుగదా. నవంబరులో నిషేధమును ఎత్తివేయునప్పటికే కాలము మించినది. తన బియ్యము తాను పండించుకొనుచుండిన దేశము బియ్యము కొనవలసివచ్చెను. తేయాకు దిగుబడియు తగ్గెను.

2022 ఏప్రిలు 12వ తేదిని, విదేశపు టప్పులు చెల్లింపలేమని ప్రభుత్వము ప్రకటించినది. స్వాతంత్ర్యము వచ్చినది మొదలు అట్టి మాట ఆ దేశము పలికి యెరుగదు. ఆపై దాని పత్రమును నమ్ము పరాయి బ్యాంకు లేకపోయినది. సొమ్ము ముట్టనిదే సరకు దింపమని చమురుటోడలు సముద్రముమీదనే నిలిచినవి. పరువనగా నిదియే. భారతదేశము ఆ యేడు దాదాపు 400 కోట్ల డాలర్ల సాయము చేసినది. జూలైలో ప్రజలు అధ్యక్షభవనమున జొరబడిరి. గొటబయ రాజపక్ష దేశము విడిచిపోయి, రాజీనామా నిచ్చెను.

2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి, సుమారు 300 కోట్ల డాలర్లు నాలుగేండ్లలో నిచ్చుటకు నియమములతో సమ్మతించెను. ఆ నవంబరులో సింహళపు సర్వోన్నత న్యాయస్థానము, ఈ దుస్థితికి రాజపక్ష సోదరులును మరికొందరు అధికారులును బాధ్యులని తీర్పు చెప్పినది. వారిపై జరిమానా మాత్రము వేయలేదు. 2024 జనవరినుండి వస్తువులపై పన్ను నూటికి 18 అయినది. దానిని సింహళ గృహిణి ప్రతిదినము అంగడిలో చెల్లించుచున్నది.